నరమున్న నాలుక

“నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది” అని లోకోక్తి. ఆడిన మాట తప్పేవారిని గూర్చి పుట్టిన సామెత ఇది. నీతి దృష్టితో చూస్తే ఇందులో ఎంతో సత్యం ఉంది. శరీరశాస్త్ర దృష్టితో చూస్తే మాత్రం ఇది పూర్తిగా అసత్యం. నాలుకలో లేనిది ఎముక. నరాలకు అక్కడ కొదువ లేదు. నాలుకను కదిలించే నరం ఒకటి, దాని ముందుభాగానికి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చే నరం ఇంకొకటి, ఆ భాగపు రుచిని మెదడుకు చేరవేసే నరం వేరొకటి, వెనుకభాగపు రుచినీ స్పర్శనూ మోసే నరం మరొకటి. ఇవన్నీ కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున జంటలుగా ఉంటాయి. ఇక కండరాల సంగతి. నాలుకలోనే పుట్టి నాలుకలోనే ముగిసేవి నాలుగు జతలు. కింది దవడ నుండి, గొంతులోని చిన్న ఎముక నుండి, పుర్రె అడుగుభాగం నుండి, అంగిలి నుండి వచ్చి నాలుకలో కలిసేవి మరో నాలుగు జతలు. ఇంత ఏర్పాటు ఉన్నది గనుకనే మనం పాలు తాగగలుగుతున్నాం, మెతుకు మింగగలుగుతున్నాం, మాటాడగలుగుతున్నాం.

ఉర్దూలో ‘జబాన్’ అంటే నాలుక. ‘జబాన్’ అంటేనే భాష. ‘జబాన్ దేనా’ అంటే మాట ఇవ్వడం. అవయవానికీ, భాషకూ, వాగ్దానానికీ ఒక్కటే పదం. ఇంట్లో ఆ భాష, బడిలో తెలుగు, ఈ రెండింటి నడుమ పెరిగిన నాబోటివానికి నాలుక అంటే నోటిలోని కండ మాత్రమే అని ఎన్నడూ అనిపించలేదు. పిల్లవాని నాలుకకు ఏదైనా వచ్చిందంటే వాని భాషకూ, లోకంతో వాని సంబంధానికీ వచ్చినట్లే. కొందరు పిల్లలలో జన్యుకారణాలచేత నాలుక ఉండవలసిన దానికంటే పెద్దదిగా పెరుగుతుంది. దానిని శస్త్రచికిత్స ద్వారా తగ్గించే పద్ధతి ఒకటి ఉంది. ఆ విషయాన్ని గూర్చి ఈ వ్యాసంలో నాలుగు మాటలు చెప్పదలచాను. నేను వైద్యుణ్ణి కాను. వ్యాకరణ పాఠం చెప్పుకొనేవాణ్ణి. కాని ఈ విషయం మా ఇంటికే వచ్చింది. అందుచేత దీనిని పాఠంకంటే శ్రద్ధగా చదువవలసి వచ్చింది.

మా ఆపాకు 2015లో ఆదోనిలో రెండవ కాన్పు జరిగింది. బిడ్డ మంచి బరువుతో పుట్టాడు. చూసినవాళ్లందరూ మొదట సంతోషించారు. కాని బిడ్డ నాలుక పెదవుల వెలుపలికి వచ్చి ఉంది. ఏడ్చినా, నిద్రపోయినా లోపలికి పోలేదు. బొడ్డు ఉబ్బి ఉంది. మొదటిరోజుననే రక్తంలో చక్కెర బాగా పడిపోయి గ్లూకోజు ఎక్కించవలసి వచ్చింది. చంటివానికి తల్లి రొమ్ము పట్టుకోవడం చేతకాలేదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోయవలసివచ్చేది. సగం పాలు పెదవుల చివర నుండి కారిపోయేవి. వెల్లకిల పడుకోబెడితే గుర్రుమని శబ్దం. ఉన్నట్టుండి ఆ శబ్దం ఆగిపోయేది. శబ్దం వచ్చినంతసేపూ భయపడిన మా ఆపా, శబ్దం ఆగిన క్షణంలో మరింత భయపడేది. వాణ్ణి పక్కకు తిప్పి, గడ్డం కింద వేలు పెట్టి, తెల్లవారేవరకు కూర్చున్న రాత్రులు ఎన్నో. ఆరుబయటి గాలికి నాలుక కొన ఎండి పగిలి నెత్తురు చిమ్మేది.

ఇక చుట్టాల మాటలు. మొర్రి పుట్టినా, వేలు తక్కువగా పుట్టినా మన ప్రాంతంలో చెప్పే కారణం ఒకటే: గ్రహణం. కడుపుతో ఉండగా ఆపా ఏమి చూసింది, ఏమి తిన్నది, ఎవరి దిష్టి తగిలింది అని ఆరా తీశారు. తప్పంతా తల్లిదే అన్నట్లు మాటాడారు. పట్టణంలో చూపించిన మొదటి వైద్యుడు నాలుక వంక ఒకసారి చూసి, “బుద్ధిమాంద్యం, పెద్దగా ఆశ పెట్టుకోకండి” అని ఒక్క వాక్యంలో తేల్చివేశాడు. పరీక్ష ఏదీ చేయలేదు. పేరు తెలియని జబ్బుకు లోకం ఇచ్చే మొదటి పేరు అదే.

హైదరాబాదులోని పిల్లల ఆసుపత్రిలో అడుగుపెట్టిన తరువాతగాని ఈ విషయం శాస్త్రంగా మాకు కనబడలేదు. అక్కడి వైద్యురాలు మొట్టమొదట చేయించినది థైరాయిడ్ పరీక్ష. పుట్టుకతో థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని శిశువులకు కూడా నాలుక పెద్దదిగా ఉంటుందట. సకాలంలో కనిపెట్టి రోజుకొక చిన్న మాత్ర ఇస్తే ఆ నాలుక కత్తి అవసరం లేకుండానే తగ్గుతుంది. బిడ్డ బుద్ధి కూడా నిలుస్తుంది. ఆలస్యమైతే బుద్ధికి కలిగిన నష్టం తిరిగి రాదు. కొన్ని వంశపారంపర్య వ్యాధులలో శరీరం విచ్ఛిన్నం చేసుకోలేని చక్కెర పదార్థాలు కణాలలో పేరుకుపోయి నాలుక పెరుగుతుంది. హర్లర్, హంటర్ అనే పేర్లతో చెప్పే వ్యాధులు ఈ కోవకు చెందుతాయి. వారికి మత్తుమందు ఇవ్వడమే ఒక గండం. నాలుకలో లింఫ్ నాళాలు గుత్తిగా పెరిగినా అది ఉబ్బుతుంది. కనుక ‘పెద్ద నాలుక’ అనేది జబ్బు పేరు కాదు, ఒక లక్షణం. దాని వెనుక కారణాలు అనేకం. కారణం తెలియకుండా కత్తి పట్టరాదు. ఆ వైద్యురాలు మాకు నేర్పిన మొదటి పాఠం ఇది.

మావానికి థైరాయిడ్ సరిగానే ఉంది. పెద్ద నాలుక, ఉబ్బిన బొడ్డు, పుట్టినప్పటి బరువు, పడిపోయిన చక్కెర, చెవి తమ్మె మీద చిన్న గీతలు, ఇవన్నీ కలిపి చూసి ఆమె ‘బెక్విత్–వీడెమన్ సిండ్రోమ్’ అన్నది. తరువాత చేసిన జన్యుపరీక్ష దానినే ధ్రువపరచింది. అమెరికాలో బెక్విత్ అనే వ్యాధినిర్ణయ శాస్త్రవేత్త 1963లోను, జర్మనీలో వీడెమన్ అనే పిల్లల వైద్యుడు 1964లోను, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ లక్షణాల కూటమిని లోకానికి వెల్లడించారు. పదివేలకు పైబడిన జననాలలో ఒకరికి ఇది కలుగుతుంది. కలిగినవారిలో పదిమందికి తొమ్మిదిమందిలో నాలుక పెద్దదిగా ఉంటుంది. బుద్ధిశక్తికి సాధారణంగా ఏ లోపమూ ఉండదు; పుట్టగానే పడిపోయే చక్కెరను నిర్లక్ష్యం చేయకుండా ఉంటే చాలు.

దీని కారణాన్ని ఆమె మా ఆపాకు అర్థమయ్యే మాటలలో చెప్పిన తీరు నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. ప్రతి మనిషిలోను 11వ క్రోమోజోములు రెండు ఉంటాయి. తండ్రి ఇచ్చినది ఒకటి, తల్లి ఇచ్చినది ఒకటి. వాటి మీద ఒకచోట పెరుగుదలను నడిపే జన్యువులు ఉన్నాయి. వాటిలో పెంచే జన్యువు తండ్రి ప్రతి నుండి మాత్రమే పనిచేస్తుంది. అదుపుచేసే జన్యువు తల్లి ప్రతి నుండి మాత్రమే పనిచేస్తుంది. ఏది మాటాడాలి, ఏది మౌనంగా ఉండాలి అన్నదానికి జన్యువుల మీద రసాయనికమైన గుర్తులు ఉంటాయి. ఆ గుర్తు తారుమారైతే పెంచే జన్యువు రెండింతలు పనిచేస్తుంది, లేదా అదుపుచేసేది మూగబోతుంది. అధికసంఖ్యాకులలో ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు. పిండం రూపొందే తొలిదశలో తనంతట తాను జరిగేది. “నువ్వు తిన్నది కాదు, చూసినది కాదు, చేసినది కాదు” అని ఆమె మూడుసార్లు చెప్పింది. ఆ సాయంత్రం మా ఆపా బిడ్డ పుట్టిన తరువాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నది. మందు చీటీ మీద రాయని చికిత్సలు కూడా కొన్ని ఉంటాయి.

మరొక హెచ్చరిక కూడా ఆమె చేసింది. ఈ పిల్లలకు బాల్యంలో మూత్రపిండంలోనో, కాలేయంలోనో కణితి ఏర్పడే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. కనుక ఏడేళ్లు నిండేవరకు మూడు నెలలకొకసారి కడుపు స్కానింగ్ తీయించాలి. అందరూ ఎగతాళి చేసిన ఆ నాలుకే మమ్మల్ని ఆసుపత్రికి నడిపించి, కంటికి కనబడని అపాయం మీద కాపలా పెట్టించింది.

వెంటనే ఆపరేషన్ చేయమని మేము కోరాము. వారు వెంటనే ఒప్పుకోలేదు. దవడ పెరిగేకొద్దీ నాలుకకు ఇంట్లో చోటు దొరికి, కొందరు పిల్లలకు ఆపరేషన్ అవసరమే ఉండదు. శ్వాసకు తక్షణ ప్రమాదం లేకపోతే సంవత్సరం నిండేవరకు ఆగడం మంచిదని ఈ విషయంలో అనుభవజ్ఞుల అభిప్రాయం. వివిధ దేశాల నిపుణులు కలిసి 2018లో ప్రకటించిన ఏకాభిప్రాయం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. ఆగినంతకాలం వారు నాలుగు విషయాలు కనిపెట్టి చూశారు. నిద్రలో ఊపిరి ఆగుతున్నదా? ఆహారం మింగి బరువు పెరుగుతున్నాడా? నాలుక ఒత్తిడికి కింది దవడ ముందుకు వచ్చి, పై పళ్లకూ కింది పళ్లకూ నడుమ సందు ఏర్పడుతున్నదా? మాట వస్తున్నదా? నాలుక ఎంత పొడవుందని వారు కొలవలేదు. అది ఏ పనికి అడ్డుపడుతున్నదో చూశారు. ఈ భేదం చిన్నదిగా కనిపించవచ్చు. ఈ వ్యాసానికంతటికీ ప్రాణం అదే.

నాలుగవ ప్రశ్న దగ్గర నా వృత్తికి పని కలిగింది. ప్రతి సంవత్సరం నేను తరగతిలో వర్ణోత్పత్తి స్థానాలు చెబుతాను. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని వరుసగా చదివిస్తాను. ‘పఫబభమ’లు ఓష్ఠ్యములు, వాటికి నాలుకతో పనిలేదు, పెదవులు కలిస్తే చాలునని పుస్తకం చెబుతుంది. అది నిజమే. కాని పెదవులు కలవాలంటే నాలుక మధ్యలో అడ్డు ఉండకూడదు. మావాని పెదవులు ఎన్నడూ కలిసి ఎరుగవు. ‘అమ్మీ’ అనబోతే వాని నాలుక పై పెదవిని తాకేది. మకారం కాదు, నకారం కాదు, రెండింటికీ చెందని ఒక ధ్వని వచ్చేది. అమ్మ, అమ్మీ, అబ్బా, మామూ, బువ్వ, పాప! ప్రపంచంలోని పిల్లలు మొదట నేర్చే మాటలలో ఎక్కువభాగం పెదవులు కలిపి పలికేవే. ఏ అక్షరాలతో పిల్లవాడు తనవాళ్లను పిలుచుకొంటాడో సరిగా ఆ అక్షరాలే మావానికి అందలేదు. పద్దెనిమిది నెలలకు వాడికి అన్నీ అర్థమయ్యేవి. చెప్పు తెమ్మంటే చెప్పు తెచ్చేవాడు, చంద్రుడేడీ అంటే చూపించేవాడు. పిలవడం మాత్రం చేతకాక చేత్తో కొంగు పట్టి లాగేవాడు.

2017లో ఆపరేషన్ నిశ్చయమైంది. అంతకు ముందు శస్త్రవైద్యుడు ఒక కాగితం మీద బొమ్మ గీసి మాకు విషయం వివరించాడు. పూర్వం నాలుక అంచులను చుట్టూ కత్తిరించేవారు. అలా చేస్తే నాలుక గుండ్రంగా, మందంగా, బిరుసుగా మిగిలి, కదలిక తగ్గేది. తరువాత కొన ఉన్నచోట ‘వి’ ఆకారంలో ముక్క తీసి రెండు అంచులూ కలిపి కుట్టే పద్ధతి వచ్చింది. దానివల్ల పొడవు తగ్గుతుంది. వెడల్పూ మందమూ అంతగా తగ్గవు. అందుచేత ముందు కొనలో ‘వి’ ఆకారంలోను, దానిని ఆనుకొని నాలుక నడుమ అండాకారంలోను కలిపి తీసే పద్ధతి వచ్చింది. పాతకాలపు తాళపుచెవి రంధ్రం ఎట్లా ఉంటుందో తీసిన భాగం అట్లా ఉంటుంది. దాని పేరు కూడా తాళపురంధ్రపు పద్ధతియే. నరాలూ, ముఖ్యమైన రక్తనాళాలూ నాలుకకు రెండు పక్కలా, అడుగున నడుస్తాయి. నడుమ భాగం తీస్తే వాటికి హాని తక్కువ. తీసిన తరువాత లోపలి కండను ఒక వరుస, పై పొరను ఒక వరుస, వాటంతట అవే కరిగిపోయే దారంతో కుడతారు.

మా ఆపా అడిగింది: “కోసిన నాలుకకు ఉప్పూ కారమూ తెలుస్తాయా?” తెలుస్తాయని వైద్యుడు చెప్పాడు. తీపికి ఒకచోటు, చేదుకు ఒకచోటు అని పాత పుస్తకాలలో ఉండే పటం సరికాదట. అన్ని రుచులూ తెలిపే మొగ్గలు నాలుకంతటా ఉన్నాయట. తరువాత నేను అడిగాను: “అయ్యా, వీడు ‘ళ’ పలకగలడా?” ఆయన ఒక్క క్షణం ఆగి నవ్వి, ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవ్వరూ అడగలేదన్నాడు. కాని నా ప్రశ్న వేళాకోళం కాదు. ఇంగ్లీషు మాటాడే పిల్లవానికి నాలుక కొనను వెనక్కు మడిచి అంగిలిని తాకవలసిన అవసరం అంతగా లేదు. మనకు ట, ఠ, డ, ఢ, ణ, ళ అని ఒక వరుసే ఉంది. ఉర్దూలో ‘పహాడ్’, ‘లడ్కీ’ అనాలన్నా కొన మడతపడాలి. కొన బిరుసెక్కితే మా ఇంటి రెండు భాషలూ కుంటుపడతాయి. ఆయన నా మాటను శ్రద్ధగా విని, కొన పలుచగా, వంగేటట్లుగా నిలపడమే ఈ విద్యలో నేర్పు అని చెప్పాడు. మరీ ఎక్కువ తీస్తే నాలుక పొట్టిదై పళ్లు దాటి రాదు. మరీ తక్కువ తీస్తే మళ్లీ ఆపరేషన్ చేయవలసివస్తుంది. ఆ రెండింటి నడుమ దారి కొలబద్దతో దొరికేది కాదు.

ఆపరేషన్‌కంటే కష్టమైనవి దాని ముందరి గడియ, తరువాతి వారం. నోరంతా నాలుకే ఉన్న బిడ్డకు మత్తు ఇచ్చి శ్వాసగొట్టం వేయడం కష్టం. నోరు శస్త్రవైద్యునికి ఖాళీగా ఉండాలి గనుక గొట్టం ముక్కు ద్వారా పంపుతారు. ఇక ఆపరేషన్ అయిన వెంటనే నాలుక తగ్గదు. వాచి, ముందున్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆ వాపు ఊపిరిని మూసివేయకుండా నాలుగురోజులు గొట్టం అలాగే ఉంచారు. వాపు తగ్గే మందులు ఇచ్చారు. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నని గొట్టం గుండా పాలు పోశారు. రక్తస్రావం కావచ్చు, కుట్లు తెగవచ్చు, చీము పట్టవచ్చు అని ముందుగానే సంతకం తీసుకొన్నారు. దైవకృపవల్ల అవేవీ జరుగలేదు. నాలుకకు రక్తప్రసారం ఎక్కువ కాబట్టి గాయం త్వరగా మానుతుంది. మూడువారాలు గడిచేసరికి నిద్రపోతున్న బిడ్డ పెదవులు మూసుకొని ఉండడం మేము చూశాము. రెండేళ్లుగా గుర్రుమన్న ఆ గదిలో నిశ్శబ్దంగా ఊపిరి తీసుకొంటున్న పిల్లవాణ్ణి చూస్తూ మా ఆపా అలవాటుకొద్దీ ఆ రాత్రీ మేలుకొనే ఉంది.

కత్తి పని అక్కడితో ముగిసింది. చదువు పని ఆరంభమైంది. నాలుక చిన్నదైనంతమాత్రాన మాట రాదు. వాక్చికిత్స చేసే ఆమె అద్దం ముందు కూర్చోబెట్టి పెదవులు కలపడం, ఈల ఊదడం, గొట్టంతో నీళ్లు పీల్చడం నేర్పింది. ఇంట్లో ప్రతిరోజూ అరగంట అదే ఆట. మొదట వచ్చినది పకారం. రెండునెలల తరువాత ఒకనాడు మకారం వచ్చింది. అద్దంలో తన నోటిని తాను చూసుకొంటూ ‘మ్‌మ్‌మ్’ అని, తిరిగి తల్లిని చూసి ‘మ్‌మీ’ అన్నాడు. సకార శకారాలు సర్దుకోవడానికి మరి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు వాడు ఉన్నత పాఠశాలలో చదువుతున్నాడు. ‘కళాశాల’ అనే మాట స్పష్టంగా పలుకుతాడు. రకారం మాత్రం కొంచెం బరువుగా వస్తుంది. క్రికెట్టు వ్యాఖ్యానం చేసేటప్పుడు అదీ ఎవరికీ తెలియదు.

ఇంతవరకు చెప్పినది ఒక వైపు. రెండవ వైపు కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అసమగ్రమవుతుంది.

ఆ ఆసుపత్రి వరండాలోనే మాతోపాటు మరొక దంపతులు కూర్చొనేవారు. వారి పాపకు డౌన్ సిండ్రోమ్. నాలుక కొద్దిగా వెలుపలికి కనిపిస్తుంది. మావానికి జరిగిన ఆపరేషన్ సంగతి తెలిసి, తమ పాపకు కూడా చేయమని వారు శస్త్రవైద్యుణ్ణి బతిమాలారు. ఆయన చేయనన్నాడు. వారు డబ్బు లేదని చేయలేదేమో అనుకొన్నారు. కారణం అది కాదు.

డౌన్ సిండ్రోమ్‌ను 1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించాడు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండడమే దీనికి కారణమని 1959లో ఫ్రాన్సులో లెజెన్, గోతియే, టుర్పాన్ ప్రకటించారు. 700 నుండి 1,000 జననాలకు ఒకరికి ఇది కలుగుతుంది. కాబట్టి మన ఊళ్లలో తరచుగా కనబడేది ఇదే. ఈ పిల్లలలో చాలామందికి నాలుక నిజానికి పెద్దది కాదు. నోరు చిన్నది, పై దవడ ఎదుగుదల తక్కువ, కండరాలలో బిగువు తక్కువ. చిన్న ఇంట్లో సామాను ఎక్కువైనట్లు కనిపిస్తుందేగాని, సామాను మామూలుగానే ఉంది. బిగువు లేనందున నాలుక జారి ముందుకు వస్తుంది.

ఒకప్పుడు ఈ తేడా పాటించలేదు. 1970లలోను, 1980లలోను పశ్చిమ జర్మనీలోను, ఇజ్రాయెల్‌లోను, కెనడాలోను డౌన్ సిండ్రోమ్ పిల్లలకు నాలుక తగ్గించే ఆపరేషన్లు చేశారు. కొన్నిచోట్ల దానితోపాటు ముక్కునూ, కళ్లనూ, గడ్డాన్నీ కూడా సరిదిద్దారు. పిల్లల ముఖం అందరి ముఖంలా ఉంటే లోకం వారిని దూరం చేయదని, మాట కూడా బాగుపడుతుందని ఆశించారు. అది దురుద్దేశం కాదు. పిల్లల మీద ప్రేమతోనే చేశారు. కాని ప్రేమ సరిపోదు, పరీక్ష కూడా కావాలి. 1987లో ప్రచురితమైన పరిశోధనలలో ఆపరేషన్‌కు ముందు, తరువాత పిల్లల మాటలను పరిశీలించి పోల్చారు. మాట స్పష్టతలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. తల్లిదండ్రులు మాత్రం తమ పిల్లల మాట మెరుగైందనే భావించారు. మనం కోరుకొన్నది మనకు వినబడుతుంది. బిడ్డకు కలిగిన ప్రయోజనం అదేనని చెప్పలేము.

అంటే డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ఎన్నడూ శస్త్రచికిత్స వద్దని కాదు. నిద్రలో శ్వాసకు అడ్డంకి వీరిలో చాలామందికి ఉంటుంది. ముందుగా టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసి చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే నాలుక మొదలు ఊపిరికి అడ్డు వస్తున్నదేమో పరీక్షించి, అవసరమైనవారికి అక్కడ చికిత్స చేస్తారు. నాలుకను కదిలించే నరానికి నిద్రలో చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చి, నాలుకను ముందుకు జరిపి, గొంతు తెరచి ఉంచే యంత్రాన్ని 13 నుండి 18 ఏళ్ల వయసుగల డౌన్ సిండ్రోమ్ పిల్లలకు వాడడానికి 2023లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. నాలుక కండను కోయకుండానే, దాని నరం సాయంతో ఊపిరికి దారి ఇవ్వడం ఇది. ఇక నోటి కండరాలకు బిగువు తెచ్చే అభ్యాసాలను, అంగిలికి అమర్చే చిన్న పలకను అర్జెంటీనాకు చెందిన కాస్తియో మొరాలెస్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. థైరాయిడ్ పరీక్ష, చెవి పరీక్ష, గుండె పరీక్ష, వాక్చికిత్స, ఇవి ఆ పాపకు కత్తికంటే ఎక్కువ మేలు చేస్తాయి. వైద్యుడు వారిని కూర్చోబెట్టి చెప్పిన సారాంశం ఇదే: “మీ పాపకు నాలుక అడ్డం కావడం లేదు. చూసేవాళ్లకు అడ్డం అవుతున్నది. వాళ్లకోసం నేను పాపను కోయలేను.”

ఈ మాటలోని లోతు మాకు తరువాత తెలిసింది. మావాని ఆపరేషన్ ముగిసిన ఏడాదికి బడిలో చేర్పించడానికి తీసుకువెళ్లాము. పట్టణంలో పేరు పొందిన ఒక పాఠశాలవారు పాత ఫొటో అతికించిన ఆసుపత్రి కాగితాలు చూసి, “ఇలాంటి పిల్లలకు వేరే బళ్లు ఉంటాయి కదా” అన్నారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడు గోడమీది అంకెలు నూరుదాకా చదువుతూనే ఉన్నాడు. వాడిప్పుడు మాటాడుతున్నాడు, కాని వారు వినలేదు. వాని నాలుక సరిచేయడానికి వైద్యులకు రెండు గంటలు పట్టింది. చూసేవారి దృష్టిని సరిచేసే ఆపరేషన్ ఏ ఆసుపత్రిలోను లేదు. అది మనబోటివాళ్లు, అంటే చదువు చెప్పేవాళ్లు, చదువుకొనేవాళ్లు చేయవలసిన పని.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. కొందరు నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు అవుతారు. అందరూ తల్లులో తండ్రులో అవుతారు. మీ వీధిలో నాలుక వెలుపలికి వచ్చిన బిడ్డ కనిపిస్తే గ్రహణం మాట ఎత్తకండి. తల్లిని నేరస్థురాలిని చేయకండి. థైరాయిడ్ పరీక్ష చేయించారా, నిద్రలో ఊపిరి ఆగుతున్నదా అని అడగండి. పుట్టుకతో వచ్చే లోపాలను పిల్లలలో ముందుగా గుర్తించడానికి 2013లో కేంద్రప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వైద్యబృందాలు వస్తాయి. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం గల పిల్లలకోసం 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. దాని పక్కనే వాక్కుకూ వినికిడికీ సంబంధించిన జాతీయ సంస్థ యొక్క ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థ ఒకనాడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరుమీద వెలసింది. ఈ చిరునామాలు తెలియక, భూతవైద్యుని ఇంటి చిరునామా తెలిసి, ఎందరో తల్లులు విలువైన నెలలు పోగొట్టుకొంటున్నారు.

ఆసుపత్రికి ఎవరైనా తోడు వెళ్లవలసివస్తే వెళ్లండి. “నాలుక ఎంత తగ్గిస్తారు?” అని కాక, “ఏ పనికోసం తగ్గిస్తారు? తగ్గించకపోతే ఏమవుతుంది? తగ్గించిన తరువాత మాట నేర్పేవారు ఎవరు?” అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన వైద్యుని చేతిలో బిడ్డను నిశ్చింతగా పెట్టవచ్చు. బిడ్డ ఊపిరికోసం, మెతుకుకోసం, మాటకోసం అయితే కత్తికి భయపడకండి. చూసేవారి కంటికోసమే అయితే ఆ పిల్లవాణ్ణి ఉన్నవానిని ఉన్నట్లుగానే ఎత్తుకొని వీధిలోకి తీసుకువెళ్లండి. వాడు ఏదో ఒకటి చెబుతాడు. ఆలస్యంగా చెప్పవచ్చు, అస్పష్టంగా చెప్పవచ్చు. నిలబడి వినండి.